ఎత్తని తెంగావ్

మా నీటిబుగ్గ నెత్తిన ఉన్న పైన్ చెట్టును నా కళ్ళముందే కూల్చారు.

కూల్చేముందు దాని నడుముకు ఎర్రరంగుతో అంకె వేశారు. పదకొండు వందల నలభై ఏడు. మా కయాబన్ ఊళ్ళో మనుషులకే అంకెల్లేవు, చెట్టుకెందుకయ్యా అని మా అక్క కెత్కాయ్ అడిగింది. రంపం మిషన్ మోతలో ఆ మాట ఎవరికీ వినపడలేదు. నెత్తిమీది నీళ్ళకుండ దించకుండానే వెళ్ళి చెట్టుకూ రంపానికీ మధ్య నిలబడింది. కలప కంపెనీకి కాపలా వచ్చిన సైనికుడొకడు భుజం పట్టి ఈడ్చి పక్కకు తోశాడు. కుండ పగిలింది. అరవై దాటిన మనిషి, ఆ పెంకుల్లోనే కూలబడి, చెట్టు పడటం చూసింది.

మేం పాతికమందిమి కిందినుంచి పరుగెత్తాం. కంపెనీ మేస్త్రీ మాకు ఎదురొచ్చి కాగితం ఊపాడు.

"ఇది మీ కొండ కాదు. ఇక్కడ ఎవరూ ఉండరు, ఎవరూ తిరగరు. అన్నీ విచారించే పర్మిట్ ఇచ్చారు."

"ఎవరూ తిరగరా? మరి మేమెవరంరా?" అన్నాడు గవాయెన్. గనిలో పదేళ్ళు పనిచేసి, దగ్గు ఒక్కటీ సంపాదించుకుని ఊరికొచ్చినవాడు.

"మీరెవరో నాకేం తెలుసు? పుస్తకంలో లేరు."

నీలం అట్ట పుస్తకం తీశాడు. 'మలిగ్యన్ చరిత్ర, భూగోళం'. మా మున్సిపాలిటీ ఏర్పడి యాభై ఏళ్ళయిన పండక్కి మేయరు అచ్చు వేయించింది. మేస్త్రీ ముప్పై ఒకటో పేజీ తెరిచి గట్టిగా చదివాడు.

"అమ్‌తుంగ పర్వతం. నిర్జనం. కయాబన్ ప్రజలు దీన్ని భూతాల నెలవుగా భావించి ఎన్నడూ అడుగు పెట్టరు. ఆధారం: గ్రామ పెద్ద బగ్తంగ్ చెప్పిన వివరాలు."

బగ్తంగ్ అంటే నేనే.

నేను కోతలు బాగా కోస్తానని మలిగ్యన్ పదకొండు ఊళ్ళలోనూ పేరుంది. నాలుగో తరగతి దాకా చదివాను. అయిదో తరగతి పుస్తకాన్ని మా మేక తినేసింది, అందుకని మేకే నాకంటే ఎక్కువ చదివింది. నవ్వండి, ఫరవాలేదు. కాసేపాగితే నవ్వరు.

ఆ పుస్తకం రాసింది మా బడి పంతులమ్మ ఎస్తెలా. కింది మైదానం పిల్ల. మేయరు పని పురమాయిస్తే పాపం ఊరూరా నోటుపుస్తకం పట్టుకుని తిరిగింది. మా ఇంటికొచ్చి, ఉడకేసిన చిలగడదుంప ఒకటి తిని, "తాతా, ఆ కొండ మీద ఏముంది?" అని అడిగింది.

"ఒంటికాలి దయ్యం ఉందమ్మా," అన్నాను. "వెళ్ళినవాడి పాదాలు వెనక్కి తిరిగిపోతాయి. ఇంటికి నడుస్తున్నాననుకుంటూ ఇంకా లోపలికి నడుస్తాడు. అమెరికా దొరొకడు కంచరగాడిద మీద వెళ్ళాడు. గాడిద మాత్రం తిరిగొచ్చింది. దాని మూతిలో దొరగారి చుట్ట, ఇంకా వెలుగుతూనే ఉంది."

"మీవాళ్ళెవరూ వెళ్ళరా?"

"మాకు పిచ్చా?"

ఆ పిల్ల కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వి, మొత్తం రాసుకుంది.

సరదాకే చెప్పానంటే అదీ అబద్ధమే అవుతుంది. అది మా తాత నాకు అప్పగించిన మాట. అమ్‌తుంగ అడవిలోనే మా నీళ్ళు పుడతాయి. ఏ ఇంటి చెట్లు ఎక్కడున్నాయో ఆ ఇంటివాళ్ళకు తెలుసు. మా ఇళ్ళ స్తంభాలు అక్కడివి, పుట్టగొడుగులు అక్కడివి, చనిపోయాక కొండచరియ గుహల్లో పడుకున్న మా పెద్దలు అక్కడివాళ్ళు. దాచుకున్నది దొరక్కుండా ఉండాలంటే అక్కడేమీ లేదని చెప్పడం మా పద్ధతి. స్పెయిన్ వాళ్ళకు పన్ను కట్టే మనుషులు కావాలి. అమెరికా వాళ్ళకు రోడ్డు వేసే మనుషులు కావాలి. జపాను వాళ్ళకు బియ్యం మోసే మనుషులు కావాలి. అక్కడ మనుషుల్లేరు బాబూ, దయ్యాలున్నాయంటే ముగ్గురూ వెనక్కి పోయారు. యుద్ధంలో రెండేళ్ళు ఊరు ఊరంతా ఆ అబద్ధం వెనకే బతికింది.

మనుషుల్లేని చోటే కావాలని వచ్చే రకం ఒకటుంటుందని మా తాత ఊహించలేదు. నేనూ ఊహించలేదు.

ఆ మధ్యాహ్నమే దపాయ్ దగ్గర అందరం చేరాం. దపాయ్ అంటే మా మగవాళ్ళు కూర్చుని ఊరి సంగతులు తేల్చే రాతిచావడి. ఆడవాళ్ళు అక్కడ కూర్చోరు. ఆ రోజు వాళ్ళే ముందు వచ్చి కూర్చున్నారు. ఏ మగవాడూ నోరెత్తలేదు.

మా అక్క అరచేతికి గుడ్డ చుట్టుకుని ఉంది, పెంకు గుచ్చుకుని.

"నీ నోట్లో కాలే దుంప కుక్కాల్సింది, పుట్టినప్పుడే," అంది నాతో. "అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ కథలు! ఇప్పుడు చెప్పు. మేం ఉన్నామా, లేమా?"

ఎస్తెలా లేచి నిలబడి, "నేనూ రాశాను కదమ్మా, ఒక్కసారి పైకెళ్ళి చూడకుండా," అని ఏడ్చింది.

"ఏడుపులు తర్వాత," అన్నాడు గవాయెన్. "ఆ బుల్డోజరు తగలబెడదాం."

"తగలబెట్టు. సాయంత్రానికి ఊరు తగలబెడతారు," అన్నారెవరో.

"గనిలో మేం పని ఆపేస్తే యజమాని మెట్లు దిగి వచ్చాడు."

"గనిలో నువ్వు కూలివి. ఇక్కడ మనం దేనిమిరా? కంపెనీకి మన చేతులతో పని లేదు. చేతులు ముడుచుకు కూర్చుంటే వాడికేం?"

అరుపులు పెరిగాయి. కోడళ్ళు మామల మీద, ముసలివాళ్ళు కుర్రవాళ్ళ మీద. అప్పుడు మా బావ లుంబయ గొంతు సవరించుకున్నాడు. అంతా ఆగిపోయారు.

మా అక్క మొగుడాయన. ఊరి క్రతువులన్నీ చూసే పెద్ద. నేను రోజుకు వెయ్యి మాటలు మాట్లాడితే ఆయనకు ఆ వెయ్యీ ఏడాదికి సరిపోతాయి. పెళ్ళిలో ఆయన అన్నది ఒక్క 'ఊఁ' అనీ, దాన్ని నమ్మి మా అక్క నలభై ఏళ్ళు కాపురం చేసిందనీ నేను వెక్కిరించని పండగ లేదు. ఆయన ఎప్పుడూ బదులు చెప్పలేదు.

"తెంగావ్ వేస్తా," అన్నాడు.

తెంగావ్ అంటే ఊరి విరామం. అది వేసినప్పుడు పొలానికి ఎవరూ పోకూడదు. ఊరు దాటి ఎవరూ వెళ్ళకూడదు, బయటివాడెవడూ అడుగు పెట్టకూడదు. దారులన్నిటికీ అడ్డంగా రెల్లు ముడి కడతాం. ఎవరు వేశారో ఆ మనిషే కోడిని కోసి ఆ విరామాన్ని ఎత్తేయాలి. మామూలుగా ఒక రోజు, మహా అయితే రెండు.

"ఎన్నాళ్ళు బావా?" అన్నాను.

"వాళ్ళు పోయేదాకా."

పదిరోజుల్లో కోతలు. మెట్లమెట్లుగా మా మడులన్నీ అప్పటికే పసుపు తిరిగాయి.

"మరి పిట్టలు?" అడిగింది మా అక్క.

"తెంగావ్‌లో పిట్టల్ని తోలకూడదు."

అది ఆమెకు తెలీక కాదు. ఆయన నోట అనిపించాలని అడిగింది. ఒక తల్లి ఒళ్ళో బిడ్డను సర్దుకుంటూ, "ఏడాదంతా దుంపలేనా?" అని గొణిగింది. ఎవరూ ఆమెను కసురుకోలేదు. అదే ప్రశ్న అందరి కడుపులోనూ ఉంది.

చివరికి మా అక్కే లేచింది. "నీళ్ళు పోతే ఏటేటా పోతుంది వరి. పిట్టలు తింటే ఈ ఒక్క ఏడే. ఒప్పుకున్నవాళ్ళు ఒక్కో రెల్లు కోసుకు రండి. ఒప్పుకోనివాళ్ళు రావద్దు. ఎవర్నీ ఏమీ అనం."

పొద్దు వాలకముందే దపాయ్ రాళ్ళమీద రెల్లు మోకాలెత్తు పేరుకుంది. బిడ్డ తల్లి రెండు తెచ్చింది.

మర్నాడు పొద్దున్నే రంపాలవాళ్ళు దారి ఎక్కారు. ముడి దగ్గర ఆగిపోయారు. వాళ్ళూ మా పక్క లోయ మనుషులే, కడుపుకోసం కంపెనీలో చేరినవాళ్ళు. వాళ్ళలో పెద్దవాడు మిషన్ కింద పెట్టాడు.

"ఏమైందిరా?" అరిచాడు మేస్త్రీ.

"ముడి ఉందయ్యా."

"గడ్డిరా అది! గడ్డి!"

"మీ చర్చిలో ఉన్న సిలువా కర్రే కదయ్యా. దాని మీద రంపం పెట్టమంటే పెడతారా?"

వాళ్ళు వెనుదిరిగారు. ఇవతల మేమూ, అవతల వాళ్ళూ, మధ్యన మూడు రెల్లు పోచలు. పోతూ పోతూ ఆ పెద్దవాడు మా అక్కవైపు చూసి, "ఆ చెట్టు నేనే కొట్టానమ్మా. ముడి ఉంటే కొట్టేవాణ్ణి కాదు," అన్నాడు.

నాలుగోరోజు కంపెనీ మైదానంనుంచి రెండు లారీల కూలీల్ని దింపింది. పొగాకు తోటల మనుషులు, కాళ్ళకు చెప్పుల్లేవు. వాళ్ళకు ముడి తెలీదు. ఎస్తెలా ముడి ఇవతల నిలబడి వాళ్ళ భాషలోనే మాట్లాడింది.

"అన్నల్లారా, మీ పొలం మీ చేతినుంచి పోయింది ఏదో కాగితంతోనే కదా? వీళ్ళ కొండ తీసుకుపోతున్న కాగితం నేనే రాశాను. అది అబద్ధం. ఇదిగో, మనుషులున్నారు. లెక్కపెట్టుకోండి."

ఒక లారీ వెంటనే తిరిగిపోయింది. రెండోదాని మనుషులు దారిపక్కన కూర్చుని సాయంత్రందాకా కదల్లేదు. ఆరోరోజు ఆ సైనికుల కెప్టెన్‌గారి జీపు ముడిని తొక్కుకుంటూ ఊళ్ళోకొచ్చింది. మా ముసలమ్మలు నలుగురు జీపు చుట్టూ చేరి, తెంగావ్ తప్పినందుకు పందిని ఇచ్చుకోవాలనీ, పొట్టిపంది చెల్లదనీ, కనీసం ముగ్గురు మోసేంత బరువుండాలనీ అరగంట వాదించారు. ఆయన పారిపోతుంటే, "అప్పు పెట్టుకోం, రేపే పంపు!" అని వెనకనుంచి కేకేశారు. మేం నవ్విన ఆఖరి నవ్వు అదే.

తొమ్మిదోరోజు పిట్టలు దిగాయి.

వరిపిట్ట పిడికెడు కూడా ఉండదు. పొగలా లేచి పొగలా దిగుతుంది. ఏటా ఆ రోజుల్లో మేం వెదురు డప్పులు కట్టి, తాళ్ళు లాగి, గొంతులు పోయేలా కేకలేస్తాం. ఆ ఏడు ఊరంతా గట్లమీది ఇళ్ళ ముందు కూర్చుని చూసింది. చప్పట్లు కొట్టడానికి కూడా వీల్లేదు. కంకి వంగుతుంది, పిట్ట లేస్తుంది, కంకి ఖాళీగా పైకి లేస్తుంది. బిడ్డ తల్లి తన రెండు చేతుల్నీ ఒళ్ళో ఒకదానితో ఒకటి గట్టిగా పట్టుకుని కూర్చుంది, ఎక్కడ తోలేస్తానో అన్నట్లు. మా అక్క తన మడిని చూడలేక మాటిమాటికీ పక్కవాళ్ళ మడి చూసింది. అక్కడా పిట్టలే.

గవాయెన్ దగ్గుతూ నా పక్కన కూర్చున్నాడు. "తాతా, ఒక కథ చెప్పు," అన్నాడు. నేను ఖాళీ కంకులకేసి చెయ్యి చూపించాను.

పదమూడోరోజు కెప్టెన్ మళ్ళీ వచ్చాడు. ఈసారి మూడు ట్రక్కుల సైనికులు. మైదానం మనిషి, మర్యాదస్థుడు, చేతిలో నీలం పుస్తకం. తెంగావ్ వేసినవాడే ఎత్తాలని మేస్త్రీ ద్వారా తెలుసుకునే వచ్చాడు. అందర్నీ దపాయ్ ముందు కూర్చోబెట్టాడు.

"ఇది వేసిందెవరు? ఆయన ఎత్తేస్తే ఎవరికీ ఏమీ కాదు. మీ వరి మీరు కోసుకోవచ్చు."

తుపాకులు కదిలాయి. నేను లేచాను.

"నేనే వేశానయ్యా. బగ్తంగ్‌ని. పదండి, ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తా."

కెప్టెన్ నన్ను పరకాయించి చూశాడు. పుస్తకం తెరిచాడు. నవ్వాడు.

"దొర చుట్ట తాగిన గాడిద కథ మీదే కదా తాతగారూ?"

పుస్తకంలో అదీ అచ్చయింది. సైనికులు పగలబడి నవ్వారు.

"నిజమయ్యా, నేనే. ఒట్టు. మా అమ్మ మీద ఒట్టు."

"కూర్చోండి తాతగారూ."

నా అబద్ధాన్ని నమ్మి కొండ తీసుకున్నారు. ఒక మనిషిని మిగుల్చుకోవడానికి మరో అబద్ధం ఆడితే నమ్మలేదు. నేను ఆయన బూటు పట్టుకున్నాను. "నన్ను నమ్మండయ్యా," అని ఏడ్చాను. నా జీవితమంతా జనాన్ని నమ్మించడమే నా పని. ఆ ఒక్కరోజు నాకు చేతకాలేదు.

మా బావ లేచాడు. దుప్పటి సర్దుకున్నాడు.

"మా బావమరిది అబద్ధాలకోరయ్యా," అన్నాడు. "చిన్నప్పటినుంచీ అంతే."

అని నావైపు చూసి నవ్వాడు. నలభై ఏళ్ళలో ఆయన నా మీద వేసిన ఒకే ఒక్క పరాచికం అది.

"అయితే మీరే ఎత్తండి," అన్నాడు కెప్టెన్.

బావ కోడిని తెమ్మన్నాడు. దపాయ్ రాళ్ళమీద కోసి, శకునం కోసం దాని పిత్తం చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత మావైపు తిరిగి, ఎప్పుడూ లేనంత గట్టిగా మాట్లాడాడు.

"పొలాల మీద ఎత్తేశా. పొండి, మిగిలింది కోసుకోండి. కొండదారి మీది తెంగావ్ మాత్రం ఉంది. అది నేను తిరిగొచ్చాక ఎత్తుతా."

కెప్టెన్‌కు ఆ మాటలో సగమే అర్థమైంది. "తిరిగొచ్చాకా? ఎక్కడినుంచి?" అన్నాడు.

"మీరు తీసుకెళ్ళే చోటినుంచి," అన్నాడు బావ, ట్రక్కువైపు నడుస్తూనే.

ఆడవాళ్ళు చక్రాలకు అడ్డం పడ్డారు. తుపాకి మడమలతో పొడిచి ఈడ్చారు. మా అక్క ట్రక్కు వెనక తలుపు పట్టుకుని పదడుగులు పరుగెత్తింది. "అన్నం తినలేదయ్యా, పొద్దుటినుంచీ తినలేదు," అని మాత్రం అంది. మర్నాడు మేం పొలాల్లోకి దిగాం. కొడవలికి గడ్డే ఎక్కువ తగిలింది.

పంతొమ్మిది రోజుల తర్వాత ఆయన్ను తెచ్చిచ్చారు. గుండె ఆగిందన్నారు. గుండె ఆగితే వేళ్ళ గోళ్ళు ఎలా పోతాయో చెప్పలేదు.

మా పద్ధతిలో పోయినవాణ్ణి పడుకోబెట్టం. ఇంటిముందు కుర్చీలో కూర్చోబెడతాం, బతికున్నవాళ్ళు ఒక్కొక్కరూ వచ్చి మాట్లాడతారు. బావ అలాగే కూర్చున్నాడు, తల కొంచెం పక్కకు వాల్చి, ఎప్పట్లాగే మాట్లాడకుండా. నా వంతు వచ్చింది. ఊరంతా నా నోటివైపు చూసింది.

"బావా," అన్నాను, "ఆ కొండమీద దయ్యం లేదు. నీళ్ళున్నాయి. మన పెద్దలున్నారు. నీకూ చోటు ఉంది. నేను పంతులమ్మకు చెప్పాల్సింది ఇదే. నీకు చెబుతున్నా."

మూడోరోజు పక్క లోయనుంచి రంపాలవాళ్ళు వచ్చారు. చేతుల్లో రంపాల్లేవు. ఆ పెద్దవాడు కుర్చీ ముందు కూర్చుని ఏడ్చి, పోతూ పోతూ కొండదారిలో తమ ఊరి ముడి ఒకటి కట్టాడు. వాళ్ళ వెనక మిగతా ఊళ్ళవాళ్ళు కట్టారు. పదకొండు ఊళ్ళ ముడులు. పొగాకు కూలీలు నలుగురు వచ్చి, కట్టడం తెలీక, మా అక్కను అడిగి నేర్చుకుని కట్టారు. పెంకు మచ్చ పడిన చేత్తోనే నేర్పింది.

కంపెనీ మనుషులు వచ్చి దారి తెరవమన్నారు. గవాయెన్ ముందుకు నడిచాడు, వెనక మేమంతా.

"ఎత్తాల్సిన మనిషిని మీరే తీసుకెళ్ళారు. తెచ్చివ్వండి. ఎత్తిస్తాం."

మరోసారి వచ్చారు. అదే మాట చెప్పాం. సైనికులతో వచ్చారు, ముడులు తెంపారు, గవాయెన్‌తో పాటు పదిహేడుమందిని పట్టుకుపోయారు. తెల్లారేసరికి ముడులు మళ్ళీ ఉన్నాయి, కాకపోతే ఎక్కువున్నాయి. రంపం పట్టే చెయ్యి ఆ కొండలన్నిట్లో ఒక్కటి దొరకలేదు. గవాయెన్ జైల్లోనే దగ్గి దగ్గి పోయాడు. బుల్డోజరు ఇప్పటికీ కింది వంపులో తుప్పుపడుతోంది, అందులో మా కోళ్ళు గుడ్లు పెడతాయి. ఇది కోత కాదు, పోతూ చూసుకోండి.

ఎస్తెలా ఆ ముప్పై ఒకటో పేజీని మళ్ళీ రాసింది. అచ్చు వేసేవాళ్ళు లేరు. బడిపిల్లలు చేత్తో రాసుకుని దాచుకున్నారు. ఏటా కొత్త పిల్లలు కొత్తగా రాస్తారు.

పద్దెనిమిదేళ్ళయింది. మా అక్క కూడా పోయింది. నాకు డెబ్భై తొమ్మిది. పోయినవారం మళ్ళీ వచ్చారు, వేరే కంపెనీ, కింద రాగి ఉందట. మంచి బట్టలు, మంచి మాటలు. దారిలో ముడులు చూసి, వీటిని తీయించే అధికారం ఎవరిదని మన పిల్లల్ని అడిగారు.

"లుంబయది," అన్నారు పిల్లలు.

"ఎక్కడుంటారాయన?"

"అది మీవాళ్ళనే అడగండి."

అందుకే మిమ్మల్ని పిలిచాను, గని పని మానుకుని వచ్చిన తమ్ముళ్ళనీ, కాలేజీ మానుకుని వచ్చిన ఈ పిల్లల్నీ. కథ అయిపోయింది, ఇంకో కథ అడక్కండి. పొద్దున ముడి కట్టబోతే నా వేళ్ళు వంగలేదు, పోచ జారిపోయింది. ట్రక్కులు రేపు వస్తాయట.

రెల్లు దారిపక్కనే ఉంది. ఒప్పుకున్నవాళ్ళు ఒక్కోటి కోసుకు రండి.